జేజి పెట్టిన ఇటుకరాయి

టీకాల పెట్టె మూత తీస్తే ఐసుగడ్డల చలితో పాటు ఒక ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. ఇన్నేళ్లుగా నర్సు పనిలో ఉన్నా, ఆ వాసన తగిలినప్పుడల్లా నేను బెళుగుప్ప పక్కన మా ఊళ్లోకి వెళ్లిపోతాను.

పీకిన వేరుశనగ చెట్లు వాకిట కుప్పలుగా పడి, పచ్చికాయలు ఉడికే ఆవిరి వీధంతా కమ్ముకుని, మేం పిల్లలం ఒడి నిండా కాయలు పోసుకుని ఆ కుప్పల మీద దొర్లే కాలం అది. నెలల పిల్లాడైన మా తమ్ముడు మస్తానుకు నర్సమ్మ తొడకు సూది వేసి వెళ్లింది. అమ్మా నాయనా ఇంకా చేన్లోనే ఉన్నారు, సాయంత్రానికి తొడ వాచింది. మా జేజికి, అంటే నాయన తల్లికి, ఏ నొప్పికైనా ఒకటే మందు తెలుసు: పొయ్యిలో కాచిన ఇటుకరాయిని గుడ్డలో చుట్టి కాపడం పెట్టడం. పొయ్యి ఊదింది నేనే. వాడి లేత తొడ బొబ్బలెక్కింది. తెల్లారేసరికి, సూది వల్లే పిల్లాడి కాలు కాలిపోయిందని ఊరంతా చెప్పుకుంది. నిజం తెలిసిన జేజి నోరు విప్పలేదు, నన్నూ విప్పనివ్వలేదు. ఆ తర్వాత నర్సమ్మ వచ్చే రోజున తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చేన్లకు పోయేవాళ్లు; ఆమె చావిడి అరుగు మీద ఒంటరిగా కూర్చుని, చివరికి పెట్టె మూసుకుని వెళ్లిపోయేది.

పీర్ల పండుగ నాటికి పక్క ఊళ్లో తట్టు లేచి ఒక బిడ్డ పోయింది. మా తమ్ముడికీ తట్టు సూది వేయించాల్సిన నెల వచ్చింది. పండుగ చివరి సాయంత్రం, పీర్ల ముందు చదివించిన చక్కెర చేతుల్లో పట్టుకుని హిందువులూ మేమూ చావిడి ముందు నిలబడి ఉండగా, జేజి అందరి మధ్యకూ నడిచింది.

"నా మనవని తొడ కాల్చింది సూది కాదు, నేను పెట్టిన ఇటికరాయి. ఆయమ్మ మీద నింద పడతాంటే నోరు మూసుకోని ఉన్న్యా."

"పండగపూట ఈ మాటలెందుకు పెద్దమ్మా?" అన్నాడు పక్కింటి హనుమంతన్న.

"పండగ గాబట్టే అందరూ ఈడ ఉండారు."

తర్వాతి వారం అందరికంటే ముందు జేజి తమ్ముణ్ణి తీసుకెళ్లి నర్సమ్మ ఒళ్లో పెట్టింది. "వాపు వస్తాదని ఆ పొద్దు నేనూ చెప్పలేదు. నా తప్పు గూడా ఉండాది," అంది నర్సమ్మ. ఈసారి జ్వరం రావచ్చని చెప్పింది, ఇటుకరాయి జోలికి పోవద్దంది, మళ్లీ వచ్చి చూస్తానంది. అన్నట్టే వచ్చి, మా ఇంట్లో సంగటీ ఊరుబిండి పచ్చడీ తిని మరీ వెళ్లింది.

ఇప్పుడా చేన్లలో సోలారు పలకలు మెరుస్తున్నాయి, వాకిళ్లలో కాయల కుప్పల్లేవు, జేజి లేదు. పుకార్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఫోన్లలోకి ఎక్కాయి. మొన్న మీటింగులో పై అధికారి, జ్వరం వాపు అన్నారంటే జనం పారిపోతారు, ఆ మాటే ఎత్తొద్దన్నాడు. ఎత్తుతాను. ఏం చేసుకుంటారో చేసుకోనీ. దాచిన ఒక్క మాటకు ఊరు ఎన్ని నెలలు మొహం చాటేసిందో నేను కళ్లారా చూశాను.

ఇవాళ పొద్దున ఒక పసిబిడ్డ తల్లి, ఫోను చేత్తో పట్టుకునే అడిగింది. "ఏం కాదు కదక్కా?"

"అవుతాది. తొడ వాస్తాది, జ్వరం వస్తాది. తడిగుడ్డ వెయ్యి. రేపు పొద్దున నేనే వచ్చి చూస్తా."

ఆమె ఫోను పక్కన పెట్టి, బిడ్డ తొడ మీది గుడ్డ తొలగించింది.