అల్లుళ్ల అర

కాలేజీ రసాయనశాల వెనకున్న స్టోరు గది ముప్పయ్యేళ్లుగా స్టోర్‌కీపరు సొంత రాజ్యం. ఆయనకు చదువు పెద్దగా అబ్బలేదు గానీ, ఏ సీసా ఏ క్షణాన ఏం చేస్తుందో కొట్టిన పిండి. పైగా ముగ్గురు అల్లుళ్లను భరిస్తున్న మనిషి. ఒకరి గుణం పసిగట్టడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే సీసాలనూ గుణాలను బట్టే సర్దుకున్నాడు. మూత తీస్తే కళ్లు మండించే బ్రోమిన్, దాని చెల్లెలు అయోడిన్ మేనత్తల అరలో. ఏం జరిగినా ఉలకని పలకని రాగి, వెండి పెద్దమనుషుల అరలో. చుక్క నీరు తగిలితే చిందులు తొక్కే లోహాలేమో నూనెలో మునిగి అల్లుళ్ల అరలో. లిథియం కాస్త సణిగి ఊరుకుంటుంది, సోడియం గిరగిరా తిరుగుతుంది, పొటాషియం ఏకంగా భగ్గుమంటుంది. అచ్చం ఇంట్లో వరసే. పొటాషియం పక్కన ఒక్క సీసా పట్టే చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాడు.

కొత్తగా వచ్చిన హెడ్డు మేడమ్‌ది ఆయన పెద్దకూతురి వయసు. ఒక గురువారం వచ్చి చేతిలో జాబితా పెట్టింది. సోమవారం ఇన్‌స్పెక్షను, ఆలోగా సీసాలన్నీ ఏబీసీడీల వరసలో ఉండాలి, చేతకాకపోతే రికార్డు రూముకి బదిలీ. రికార్డు రూమంటే చెదలు, ఎలుకలు, ఎవరితోనూ మాటా మంతీ లేకుండా మిగిలిన రెండేళ్ల సర్వీసు.

రెండు రోజులు ఆ కాగితం పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరిగాడే తప్ప ఒక్క సీసా కదపలేదు. శనివారం మేడమ్ వచ్చేసరికి సోడియం సీసాను గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు.

"సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న అరలోనే వీణ్ణీ పెట్టమంటోందమ్మా మీ కాగితం. ఇద్దరిదీ ఎస్ అక్షరమేనట. పొరపాటున రెండూ కలిశాయంటే సోమవారానికి గదే ఉండదు. నన్ను రికార్డు రూముకి పంపండి గానీ, ఆ పని నా చేత చేయించకండి."

మేడమ్ జాబితా చూసుకుంది. ముఖం పాలిపోయింది. ఆ తర్వాత మొదటిసారిగా అరల వంక, వాటికి ఆయన అంటించిన పేర్ల వంక చూసింది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఖాళీ చోటు దేనికని అడిగింది.

"ఈ మూడోవాడి కంటే పెంకివాడు ఇంకొకడు ఎక్కడో ఉండే ఉంటాడమ్మా. వస్తే చోటుండొద్దూ?"

ఉన్నాడనీ, పేరు రుబీడియమనీ, కాలేజీ స్తోమతకు అందడు గనక బతికిపోయామనీ చెప్పింది మేడమ్. పూర్వం పండితులు కూడా మూలకాలను బరువుల వరసలో పేర్చి, గుణాలు తిరిగి తిరిగి వస్తున్నాయని గమనించి కుటుంబాలు కట్టారట. ఇంకా దొరకనివాటికి ఖాళీ గళ్లు వదిలితే, తర్వాత అవి వచ్చి సరిగ్గా అక్కడే కూర్చున్నాయట. ఇంతా చెప్పి జాబితాను నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"మీ అరలు కదపకండి బాబాయిగారూ. మీరూ కదలకండి."

పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని, ఆ పండితులకు ఇదంతా తేలడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాడు. ఎనభై ఏళ్లు పట్టిందంది మేడమ్.

ఆయన సోడియాన్ని జాగ్రత్తగా దాని చోట్లో పెట్టాడు.

"పాపం, వాళ్లకి అల్లుళ్లు లేరేమోనమ్మా."