నన్ను అడగకుండా కుండమార్పిడి

ఈ పరాయి దేశంలో మేముండే పేట క్లెమెంటి. అక్కడి మా తెలుగువాళ్ల బేస్‌బాల్ జట్టులో అందరం క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగనివాళ్లమే. పిల్లల దగ్గర నేర్చుకున్నాం. బంతిని కొట్టాక బ్యాటు పడేసి పరుగెత్తాలని తెలిసినా, నేను దాన్ని చేత్తో పట్టుకునే ఉరికేవాణ్ణి. అయినా అయిదేళ్లుగా ఆ జట్టులో నాకో చోటుంది. దానికోసమే వారమంతా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి.

ఒక శనివారం గ్రూపులో మెసేజ్ వచ్చింది. మరో పేట చోవా చూ కాంగ్‌లోని తెలుగు జట్టులో బంతి విసరడంలో దిట్ట అయిన ఒకాయన మాకు వస్తున్నాడు, బదులుగా నేను వాళ్లకి వెళ్తున్నాను. కింద ఇద్దరు కెప్టెన్ల చప్పట్ల బొమ్మలు. నాకు ఒళ్లు మండిపోయింది.

"డాడీ గాట్ ట్రేడెడ్ లా!" అని, నన్ను మార్చేసుకున్నారంటూ ఇక్కడి ఇంగ్లీషు యాసలో మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

మా ఆవిడ దోసె తిరగేస్తూ, "ఇదేం కుండమార్పిడి అండీ? మావాళ్లలో వాళ్ల పిల్లని వీళ్లకీ, వీళ్ల పిల్లని వాళ్లకీ ఇచ్చుకునేటప్పుడు కూడా పిల్లని ఓ మాట అడిగేవారు" అంది.

సీజన్ మొదట్లో సంతకం పెట్టిన కాగితం వెతికి తీశాను. ఆటగాణ్ణి వేరే జట్టుకు మార్చే అధికారం కెప్టెన్‌దేనని రాసి ఉంది. బ్యాంకులో ప్రతి కాగితం పదిసార్లు చదివే నేనే, ఆట అనేసరికి కళ్లు మూసుకుని గిలికేశాను. అమ్మాయి జాలిపడి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో పేరున్న ఆటగాళ్లు కొందరు, తాము సరేనంటే తప్ప ఎవరికీ ఇచ్చేయకూడదని ఒప్పందంలో ముందే రాయించుకుంటారట.

మర్నాడు ఆ జట్టుతోనే మ్యాచ్. మైదానంలో అందరి ముందూ గట్టిగానే అడిగాను. "నేనేమన్నా సరుకునా? ఆటగాడు ఒప్పుకుంటేనే మార్పిడి అని ఆ పేపర్లో ఒక్క లైను రాయండి. లేకపోతే ఇవాళ్టి నుంచి ఏ టీముకీ ఆడను. ఈ కుండమార్పిడి నావల్ల కాదు."

అందరూ ఘొల్లున నవ్వారు. "నన్నూ ఎవరూ అడగలేదండీ!" అని అవతల నుంచి ఆ బంతి విసిరే ఆయన కూడా చెయ్యెత్తాడు. ఇక కెప్టెన్లకు తప్పలేదు. అక్కడే ఆ లైను రాసి సంతకాలు పెట్టారు.

మా కెప్టెన్ నాకన్నా చిన్నవాడు. తల గోక్కుంటూ నా దగ్గరికొచ్చి, "అన్నా, ఇప్పుడు రూల్ ప్రకారం అడుగుతున్నా. చోవా చూ కాంగ్‌కి వెళ్తారా?" అన్నాడు.

జవాబు నా నాలుక చివరే ఉంది. కానీ ఆ ప్రశ్న వినడానికి ఎంత బాగుందో! ఆఫీసులో ప్రాజెక్టులు మార్చినప్పుడుగానీ, సీటు మార్చినప్పుడుగానీ ఇన్నేళ్లలో నన్నిలా అడిగినవాళ్లు లేరు.

"ఒక వారం టైమివ్వు, ఆలోచించుకుని చెప్తా" అన్నాను.

ఆ వారమంతా ఆఫీసుకు వెళ్లే రైల్లో నాలో నేనే నవ్వుకున్నాను. ఆదివారం వెళ్లి, తాపీగా షూ లేసులు కట్టుకుని, వెళ్లనని చెప్పాను.