పదకొండు రోజుల రాయబారం

ఇప్పుడు నేనుంటున్న కమ్మింగ్ అనే అమెరికన్ ఊళ్ళో, మా ఇంట్లో డ్రైయర్ తలుపు తీసినప్పుడల్లా మొహానికి కొట్టే వేడి బట్టల వాసనకు నేను ఒక్క క్షణం ఆగిపోతాను. పిల్లలు చూసి ఏమైందని అడిగితే నడుము పట్టేసిందని చెబుతాను. నిజానికి ఆ వాసన నన్ను మిషిగన్ రాష్ట్రంలో, నోవై అనే ఊళ్ళో, నా చిన్నప్పటి ఇంటి బేస్‌మెంట్‌లోకి దింపేస్తుంది. అక్కడ వాషరూ, డ్రైయరూ, వాటి పక్కన బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, ఏడాదికి ఒకసారి బయటికొచ్చే క్రిస్మస్ స్టార్ ఉన్న అట్టపెట్టె ఉండేవి. నేలకు సమంగా ఉన్న చిన్న కిటికీని మంచు సగం దాకా మూసేస్తే, లోపలికి నీలంగా, పలచగా వెలుతురు వచ్చేది. బయట అయిదు నెలలు ఆడుకునే వీలు లేదు కనుక అమ్మ ఆ సిమెంటు నేల మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసిచ్చింది. నేనూ, పక్కింటి ఎమిలీ ఒంటికాలి మీద గెంతుతుంటే, అమ్మ బట్టలు మడతపెడుతూ ఆదివారం పాడించాల్సిన కీర్తనలు కూనిరాగం తీస్తూ ఉండేది.

మా ఇంట్లో మాటలు తక్కువ. అంటే ముభావులని కాదు, మాటలు లేకుండానే చాలా పని జరిగిపోయేది. గరాజ్ తలుపు దగ్గర నాన్న ఒకసారి దగ్గితే వచ్చానని, రెండుసార్లు దగ్గితే వెంట ఎవరో వచ్చారని అర్థం; రెండో దగ్గు వినపడగానే అమ్మ నైటీ మీద చున్నీ లాక్కుని ఇంకో గ్లాసు బియ్యం కడిగేది. మధ్యాహ్నం పూట ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే మా తెలుగు ఆరాధనలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చునేవారు. ప్రసంగం సాగుతుంటే అమ్మ తను పాడించే కోయిర్ వరసలోంచి గాజులు వెనక్కి తోసుకునేది, అంతే, అవతలి వైపు నుంచి నాన్న లేచి భోజనాల బల్లలు వెయ్యడానికి వెళ్ళిపోయేవారు. ఇతరుల ఇళ్ళలో అమ్మ కనుబొమ్మ ఒక్క గింజంత కదిలితే నా చెయ్యి లడ్డూ పళ్ళెం దగ్గర్నుంచి దానంతటదే వెనక్కి వచ్చేసేది. కోపం సంగతి మరీ విచిత్రం. తక్కిన ఇళ్ళలో ఆడవాళ్ళకు కోపమొస్తే గిన్నెలు మోగుతాయి. మా అమ్మకు కోపమొస్తే గరిటె కూడా చప్పుడు చెయ్యదు. వంటింట్లో మరీ నిశ్శబ్దంగా ఉందంటే నేను హోంవర్క్ తీసుకుని పైకి పోయేదాన్ని.

ఎమిలీతో నాకు వేరే భాష ఉండేది. ఆమె గది కిటికీ మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉండేది. తెర సగం వేసి ఉంటే రమ్మని, పూర్తిగా వేసి ఉంటే వాళ్ళమ్మ తిట్టిందని. మూడో తరగతి నుంచి మేమిద్దరం ఆ తెర మీద ఎన్ని కబుర్లు నడిపామో లెక్క లేదు.

అమ్మా నాన్నలకు పడనప్పుడు మాత్రం ఈ సైగలన్నీ ఆగిపోయి, నా ఉద్యోగం మొదలయ్యేది. ఇది మా ఇంట్లోనే పుట్టిన వింత కాదు, అమ్మ వాళ్ళ పుట్టింట్లోనూ ఇదే పద్ధతట. నాన్న మూడడుగుల దూరంలో నిలబడి మెయిల్ చూసుకుంటుంటే, అమ్మ నా వైపు తిరిగి, "మీ నాన్నతో చెప్పు, కందిపప్పు అయిపోయిందని" అనేది. ఆయనకు శుభ్రంగా వినపడేది. అయినా నేను మళ్ళీ చెప్పేదాకా తల ఎత్తేవారు కాదు. "నాన్నా, పప్పు అయిపోయిందట." "ఏ పప్పో అడుగమ్మా." ఇలా ఆ ముక్కోణంలో అరగంట గడిచేది. కొన్నాళ్ళకు ఆ పనిలో నాకు నైపుణ్యం వచ్చింది. "ఆయన చెవులు ఆఫీస్‌లో మర్చిపోయి వచ్చారేమో అడుగు" అని అమ్మ అంటే, నేను వెళ్ళి "అమ్మ చెప్పింది విన్నారా అంటోంది" అనేదాన్ని. ముళ్ళు తీసి చేపముక్క పెట్టినట్టు మాటలు పెట్టేదాన్ని. ఇద్దరూ నన్ను మెచ్చుకునేవారు. నాకు గర్వంగా కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంత సేపే అంటారు. నాకు పదేళ్ళప్పటి డిసెంబరులో ఆ గింజ పదకొండు రోజులు నిలిచింది. నాన్న కార్ల విడిభాగాలు డిజైన్ చేసే కంపెనీలో పనిచేసేవారు. అక్కడ మనుషుల్ని తీసేస్తున్నారని, వీసా మీద ఉన్నవాళ్ళకు ముందు గండమని ఇంట్లో గుసగుసలు. అంతలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా నుంచి నాన్నకు ఆఫర్ వచ్చింది. అమ్మ రానంది. ఆమె వీసాకు ఉద్యోగం చేసే వీలు లేదు. ఆ దేశంలో ఆమెకు తనదంటూ ఉన్నది పన్నెండు మంది పాడే ఆ కోయిర్ ఒక్కటే. మాటా మాటా పెరిగింది. తర్వాత వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

క్రిస్మస్ పిండివంటలు మాత్రం ఆగలేదు. బయట మంచు పడుతున్నా పొగ పోవడానికి కిటికీ తీసి, స్వెటర్ మీద ఏప్రన్ కట్టుకుని అమ్మ గులాబీపువ్వులు వేసింది, కజ్జికాయలు ఒత్తింది, అరిసెల పాకం పట్టింది. నూనె వాసన, చలిగాలి కలిసి ఇల్లంతా తిరుగుతుంటే, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, నడుమ నేను. బుధవారం నాడు నాన్న నన్ను పిలిచి, "మీ అమ్మనడుగు. శుక్రవారానికల్లా వాళ్ళకు ఆన్సర్ ఇవ్వాలి. తను సరే అంటేనే యాక్సెప్ట్ చేస్తాను, లేకపోతే లేదు" అన్నారు. నేను ఒక్క ముక్క మార్చకుండా చెప్పాను. అమ్మ పాకం కలుపుతూనే ఉంది.

గురువారం సాయంత్రం బేస్‌మెంట్‌లో డ్రైయర్‌లోంచి వేడివేడి తువ్వాళ్ళు తీస్తూ, నా వైపు చూడకుండానే అంది: "మీ నాన్నతో చెప్పు, వెళ్దామని. నేను వస్తానన్నానని చెప్పు." ఒక తువ్వాలు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

పైకి వచ్చాను. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎమిలీ తెర సగం వేసి ఉంది. బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళాను. నాన్న ఇంటి ముందు డ్రైవ్‌వేలో పారతో మంచు తోస్తున్నారు. నన్ను చూడగానే ఆగి, "ఏమంది?" అన్నారు.

నేను నాలుకతో "ప్చ్" అన్నాను. అంతే. మా ఇంట్లో దాని అర్థం 'లేదు' అని, 'కాదు' అని, ఏమీ అనలేదని. అబద్ధాలు పలకరాదని సండే స్కూల్లో మాకు నేర్పింది అమ్మే. నేను ఏ మాటా పలకలేదు కాబట్టి అది అబద్ధం కాదని ఎమిలీ ఇంటి మెట్లెక్కుతూ నాకు నేను నచ్చజెప్పుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే నాన్న పారను మంచులో గుచ్చి, గ్లవ్స్ తీసి, మళ్ళీ తొడుక్కుంటున్నారు.

మర్నాడు నాన్న శాంటా క్లారా కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పేశారు. ఆ మాటలు వంటింట్లోకి వినపడ్డాయి. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "నే చెప్పమంది చెప్పావా?" అంది మెల్లగా. తలూపాను. ఆమె స్టవ్ మీద నీళ్ళు పెట్టింది. తర్వాత హాల్లోకి వెళ్ళి, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి, "ఏవండీ, టీ తాగుతారా?" అంది. ఆ క్రిస్మస్ మా ఇంట్లో జరిగిన అన్ని క్రిస్మస్‌ల కన్నా బాగా జరిగింది. తీరిన తగవును మళ్ళీ తవ్వకూడదని అమ్మ నియమం. కాబట్టి ఎవరూ దాని ఊసెత్తలేదు.

వేసవిలో నాన్న ఉద్యోగం పోయింది. వీసా గడువు ముగిసేలోగా దొరికింది పక్క రాష్ట్రం ఒహాయోలో ఒక చిన్న కంపెనీ. ఇల్లు మారే ధైర్యం లేక నాన్న అక్కడ మరో ముగ్గురితో గది పంచుకుని, సోమవారం చీకటితో వెళ్ళి శుక్రవారం రాత్రికి వచ్చేవారు. నాలుగు చలికాలాలు అలా గడిచాయి. శుక్రవారాల్లో మంచు తుపాను అని టీవీలో చెబితే అమ్మ కిటికీ దగ్గర నిలబడేది. నేను ఆమె పక్కన నిలబడేదాన్ని కాదు, నిలబడలేకపోయేదాన్ని. ఎమిలీ వాళ్ళు ఏడాది తిరక్కుండానే ఊరు మారిపోయారు.

ఇప్పుడు అమ్మా నాన్నా కమ్మింగ్‌లోనే, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉంటున్నారు. నాన్నకు వినికిడి తగ్గింది, మిషన్ పెట్టుకున్నారు. ఆ దగ్గు భాష పోయింది, ఫోన్‌లో "రీచ్‌డ్" అని మెసేజ్ వస్తుంది. చర్చిలో అందరం కలిసే కూర్చుంటున్నాం, గాజుల సైగ అక్కర్లేదు. నేనూ మావారూ పోట్లాడుకుంటే రెండు గదుల్లోంచి టెక్స్ట్ చేసుకుంటాం. మా పదేళ్ళ అమ్మాయికి ఆ సంగతే తెలియదు, మా మధ్య దానికి ఏ ఉద్యోగమూ లేదు.

పోయిన క్రిస్మస్‌కి అందరం భోజనాల దగ్గర ఉండగా, అమ్మమ్మా తాతయ్యలది లవ్ స్టోరీయేనా అని మా అమ్మాయి తన అమెరికన్ తెలుగులో అడిగింది. అమ్మ నవ్వింది. తన నియమం తనే మర్చిపోయి చెప్పడం మొదలుపెట్టింది. "లవ్వో గివ్వో నాకు తెలీదే. ఒకటి మాత్రం చెబుతా. శాంటా క్లారాలో ఎంత మంచి జాబ్ వచ్చిందో ఈయనకి! నేను సరే, వస్తానని మీ అమ్మతో కబురు పంపాను కూడా. అయినా ఈయన వద్దన్నారు. నా కోయిర్ పోతుందని. తర్వాత ఎన్ని కష్టాలు పడినా ఒక్కమాట అన్లేదు నన్ను. నేను బతికినన్నాళ్ళూ మర్చిపోను."

పెరుగన్నం కలుపుతున్న నాన్న చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. అమ్మ ఆయన భుజం తట్టి గట్టిగా, "ఏవండీ, చెప్పండి, అవునా కాదా?" అంది.

"అవును. కబురు అందింది" అన్నారు నాన్న. "విన్నాను."

సాగనంపడానికి బయటికి వెళ్ళినప్పుడు అమ్మ అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను నాన్న చెయ్యి పట్టుకుని ఆపి, "నాన్నా, ఆ రోజు నేను..." అన్నాను. ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడుతున్న దొంగతనం అది, ఒక్క వాక్యంలో తిరిగి ఇవ్వడం నాకు చేతకాలేదు.

ఆయన చెవి మిషన్ సర్దుకుని, కారు వైపు చూస్తూ అన్నారు: "నీదేముందమ్మా, చిన్నపిల్లవి. మీ అమ్మ బేస్‌మెంట్‌లోనే ఉంది కదా. నేను మెట్లు దిగి అడగాల్సింది."