ఎత్తేశారట

నిన్న బ్రాంప్టన్ దుకాణంలో అల్లం బిళ్ళల వాసన తగలగానే చిన్నప్పటి కాల్గరీ ఎయిర్‌పోర్టు గుర్తొచ్చింది. నాన్న కొండల ఊళ్ళకు తిరిగే చిన్న విమానాల కంపెనీలో మెకానిక్. పైకెక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేయకుండా ప్రయాణికులకిచ్చే బిళ్ళలు నాకోసం తెచ్చేవాడు.

ఆ సాయంత్రం అమ్మా నేనూ అక్కడ నాన్న కోసం ఎదురుచూస్తున్నాం, బయట మంచు కురుస్తోంది. నాన్న రావాల్సిన విమానం రాలేదు, ఫోన్ కలవడం లేదు. అమ్మ నా వేళ్ళు నొప్పెట్టేలా పట్టుకుంది. ఇంతలో నాన్నతో పనిచేసే రవి అంకుల్ పరుగున వచ్చాడు.

“కంపెనీ ఎత్తేశారట వదినా! ఫ్లైట్లన్నీ క్యాన్సిల్. అన్నయ్య వాళ్ళను బస్సులో పంపుతున్నారట.”

ఎత్తేశారంటే గాల్లోకి లేపారనుకుని, చెయ్యి విడిపించుకుని చప్పట్లు కొట్టాను. అమ్మ నవ్వలేదు.

తెల్లారి వచ్చిన నాన్న నా అరచేతిలో బిళ్ళ పెట్టి, “ఇదే ఆఖరిది, బంగారం” అన్నాడు.

జేబులో ఆఖరిది కాబోలనుకుని గబగబా నమిలేశాను.