మా అమ్మాయి రెండుసార్లు నింపిన ఫారం

మా అమ్మాయి పోయి ఐదు నెలలైంది. జబ్బని తెలిసిన ఏడాదికే, ముప్పై తొమ్మిదేళ్ళకే వెళ్ళిపోయింది. అమెరికాలో, ఈ పార్సిప్పనీ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ల వాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు ఇప్పుడు చెబుతున్నాను. మీలో ఎంతమంది అమ్మానాన్నల వీసా, గ్రీన్ కార్డు ఫారాలు మా డైనింగ్ టేబుల్ మీద నిండాయో నాకు గుర్తుంది.

ఆదివారం టిఫిన్లయ్యాక టేబుల్ తుడిచి, నల్ల పెన్ను పట్టుకుని కూర్చునేది. "కంగారుపడకండి ఆంటీ, కాగితం కరవదు," అనేది. వచ్చినావిడ నవ్వేది. సంతకానికి ముందు మాత్రం ప్రతి ముక్కా తెలుగులో చెప్పేది. "నేను పెట్టమన్నా సరే, తెలియకుండా సంతకం పెట్టొద్దు," అని నాతో కూడా అనేది.

నా గ్రీన్ కార్డు పదేళ్ళ గడువు అయిపోవచ్చేసరికి తను మందుల మీద ఉంది. కొత్త కార్డుకు ఫారం కంప్యూటర్‌లోనే నింపేయొచ్చట. నేను ఐదో తరగతితో ఆగినదాన్ని, చూసి నేర్చుకుంటానని కాగితం మీదే నింపింది. తను కాసేపు నడుం వాల్చితే, నేను ఆ కాగితాలు దేవుడి దగ్గర పెట్టి నాలుగు మూలలా పసుపు రాశాను. రాయకుండా పంపడానికి మనసొప్పలేదు. లేచి చూసి తల పట్టుకుంది.

"అమ్మా, ఇదేమన్నా శుభలేఖా? వాళ్ళ మెషీన్ చదవద్దూ?"

"మంచి జరగాలనే కదే!"

"దేవుడికి ఇంగ్లీషు ఫారాలు కూడా అర్థమవుతాయిలే. దండం పెట్టు, చాలు."

అంత నీరసంలోనూ అన్ని పేజీలూ మళ్ళీ మొదటినుంచి నింపింది. ఒక్క మాట విసుక్కోలేదు.

వేలిముద్రలకు రమ్మని ఉత్తరం వచ్చేసరికి తను లేదు. కూతురు లేని ఊళ్ళో నాకు కార్డెందుకు, మావూరు వెళ్ళిపోదామనిపించింది. వేలిముద్రలకు వెళ్ళాల్సిన ముందురోజు అల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వెళ్తానంటే టికెట్ బుక్ చేస్తాను అత్తయ్యా. ఉంటానంటే రేపు లీవ్ పెట్టి తీసుకెళ్తాను. మీ ఇష్టం."

తొమ్మిదేళ్ళ మనవరాలు మాత్రం ఊరుకోలేదు. "అమ్మమ్మా, అమ్మ టూ టైమ్స్ రాసింది. యూ హావ్ టు గో!"

నిజమే, రెండుసార్లు రాసింది. మర్నాడు వెళ్ళాను.

ఆ ఆఫీసులో వేలిముద్రలయ్యాక, ఫోటో తీసే ఆమె కళ్ళజోడు తీయమంది. తీస్తే కన్నీళ్ళు ఆగలేదు. ఆమె తొందరపెట్టకుండా టిష్యూల డబ్బా నావైపు జరిపింది. తర్వాత సంతకం పెట్టమన్నచోట ఏం రాసుందో అల్లుడిచేత చెప్పించుకున్నాకే పెట్టాను.

పోయిన వారం కొత్త కార్డు వచ్చింది. ఫోటోలో కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పదేళ్ళూ ఈ మొహమేనా!" అన్నాను. చాలా రోజులకు ముగ్గురం నవ్వాం.

"అప్పటికి నాకు నైన్టీన్. నెక్స్ట్ టైమ్ నేనే ఫిల్ చేస్తా," అంది మనవరాలు.

అని ఊరుకోలేదు. స్కేలు పెట్టి తెల్లకాగితం మీద గళ్ళు గీసుకుంది. ఇదిగో, ఇది రాస్తుంటే నా ఎదురుగానే కూర్చుంది. వాళ్ళమ్మలాగే నాలుక కొంచెం బయటపెట్టి, ఎడమచేత్తో, గడికో అక్షరం చొప్పున నా పేరు రాస్తోంది.