ఆమ్లజని మీద నేరం మోపినందుకు

మా తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న కాలంలో, గిద్దలూరు వైపు ఒక హైస్కూల్లో నేను కొత్త సైన్సు అయ్యవారిని. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కావాలంటే ఇన్‌స్పెక్టరు నా పాఠం విని బాగుందని రాయాలి. నిజం చెబితే బాగుందంటారని నమ్మేవాణ్ణి (ఇరవై రెండేళ్ల వయసు, క్షమించండి).

"పాత పాఠం వద్దు నాయనా, కొత్తదేదన్నా చెప్పు" అన్నది సాక్షాత్తూ మా హెడ్మాస్టరే. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నేను బల్ల మీద లాంతరు వెలిగించి, మన ఒంట్లో ప్రతి కణమూ ఇట్లాంటిదే అన్నాను. తిన్న అన్నం కిరసనాయిలు, పీల్చిన ఆమ్లజని గాలి, పుట్టే శక్తి వెలుతురు. అయితే ఆమ్లజని అంతా బుద్ధిగా పనిచేయదు, కొంచెం దారి తప్పి ఆ కణాన్నే కొరుకుతుంది, చిమ్నీకి మసి పట్టినట్టు దెబ్బ పేరుకుంటుంది, కణం తుడుచుకుంటూనే ఉంటుంది, తుడుపు చాలనప్పుడు ముసలితనం అని చెప్పి, ముందురోజే మసి పట్టించి ఉంచిన మరో చిమ్నీని ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాను. ఆయన దాన్ని తడిమి, ఆలోచనగా ముక్కు రుద్దుకున్నారు. "ప్రాణవాయువు ప్రాణం తీస్తుందా? ఏందయ్యా ఇది?" ముక్కు కింద నల్లటి మీసం మొలిచింది. "ఒక్కసారిగా తీయదు సార్, కొంచెం కొంచెంగా" అన్నాను. అక్కడ ఆగాల్సింది. "మీకూ జరుగుతోంది సార్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. "నేను వద్దనే చెప్పినా సార్, వినడు" అన్నాడు హెడ్మాస్టరు, తువ్వాలు అందిస్తూ. (ఇన్నేళ్లయినా 'అన్నారు' అని రాయబుద్ధి కావడం లేదు.)

'పిల్లలకు గాలంటే భయం పుట్టిస్తున్నాడు' అని రిపోర్టు పోయింది. పర్మనెంటు ఏడాది వెనక్కి జరిగింది, నన్ను అర్ధవీడుకు తోలారు. 'మసి అయ్యవారు' అన్న పేరు నా ట్రంకుపెట్టె కంటే ముందే అక్కడికి చేరింది.

నేనూ రిటైరయ్యాక ఒకనాడు మార్కాపురం బస్టాండులో ఆ హెడ్మాస్టరే కనబడ్డాడు. నాలుగడుగులకే ఆయాసం. "ఏమయ్యా, నువ్వా! ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమేనంట గదా, పేపర్లో చదివినా."

"మరి వద్దని చెప్పినానన్నది ఎవరు సార్?"

"ఎవరు?" అన్నాడు. నటన కాదు, నిజంగానే గుర్తులేదు. దాంతో నాకు ఇంకా మండింది.

"నిజమేనన్నారు గదా, ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అన్నాను. తమాషా అనుకొని దగ్గు వచ్చేదాకా నవ్వి, కంభం బస్సెక్కి పోయినాడు. అరవై నిండిన మనిషిని, పెన్ను మూత తీసి పట్టుకొని అక్కడే నిలబడ్డాను. రాసిచ్చి ఉంటే ఎవరికి చూపేవాణ్ణి? ఆ ఇన్‌స్పెక్టరు లేడు, మా జిల్లా కూడా మారిపోయింది. అయినా ఆ మనిషి బస్సు దిగి వస్తాడేమోనని కాసేపు చూశాను.