సాక్చీ బజారులో సొర చేప కోసం ఒక ఉదయం

మా మనవరాలు లక్ష్మికి ఆడపిల్ల పుట్టి పదహారు రోజులైంది. మా కళింగపట్నం వైపు రేవుల్లో బాలింతకు సొర పుట్టు పెట్టడం ఆనవాయితీ. పాలు బాగా పడతాయని పెద్దవాళ్ళ నమ్మకం. పాలకేం లోటు లేదు, ఏ చేపైనా తినవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. అయినా లక్ష్మి తనంతట తనే అడిగింది: “అమ్మమ్మా, మమ్మీ కో జో ఖిలాయా థా నా, ముఝే భీ వహీ పుట్టు చాహియే.” మనం తెలుగులో పలకరిస్తే ఈ ఊరి పిల్లలు హిందీలోనే బదులిస్తారు. వాళ్ళమ్మకు నేను వండిపెట్టిన పుట్టే తనకూ కావాలట. అడిగాక ఆగుతానా? బర్మామైన్స్‌లో నా ఇంటికి తాళం వేసి, బిర్సానగర్‌లో దాని అత్తవారింటికి వచ్చేశాను.

ఒక శనివారం ఒక్కదాన్నే సాక్చీ వెళ్ళి కిలో సొర తెచ్చాను. తోలు తీసి, ముక్కలు కొట్టి ఉంచిన చేప అది. సొర ఉడికితే దూదిలా పోగులు పోగులుగా విడిపోవాలి. నీళ్ళు పిండేసి, ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చితో పొడిపొడిగా వేయించాలి. ఇదేమో జావలా ముద్దయిపోయి, పైన పసుపు రంగు కొవ్వు తేలింది. అది సొర కాదు, ఏదో చెరువులో పెంచిన చేప. గిన్నెడు వంటా పారబోశాం.

లక్ష్మి అత్తగారు మా అమ్మాయికి వియ్యపురాలు, నేనూ వదిన అనే పిలుస్తాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒక్క మాట గట్టిగా అనదు. ఆ రోజు కూడా మెల్లగానే అంది. “వదిన గారూ, ఇక చేపల పని మీరు పెట్టుకోకండి. అక్కడ బోర్డులన్నీ హిందీలో ఉంటాయి, మీకు చదవడం రాదాయె. పేరు రాసిస్తే మావాడు ఫోన్లో తెప్పిస్తాడు.”

“సేపకి బోర్డేటి వదినా?” అన్నాను. “మాయమ్మ తట్ట నెత్తినెట్టుకుని తిరిగిన మనిసి. మొప్ప సూసి ఏ పూట పట్టిందో సెప్పీగల్ను. ఆడు సొరని సెప్పి మోసం సేసినాడు. వచ్చే శనోరం నువ్వూ రా. సొర తేలేకపోతే మళ్ళీ నీ వంటింట్లో కాలెట్టను.”

అలా మొదలైంది ఈ ప్రయాణం.

మరుసటి శనివారం ఉదయం ఆరు గంటలకు బిర్సానగర్‌లో షేర్ ఆటో ఎక్కాం. సాక్చీకి తలకు ఇరవై రూపాయలు తీసుకున్నాడు, పొద్దున్నే కాబట్టి ఇరవై నిమిషాల్లో దించాడు. వదిన చేతిలో ఒక కాగితం ఉంది. పది చేపల పేర్లు తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో వరసగా రాసుకొచ్చింది.

“ఇత్నీ సుబహ్ కహాఁ, మౌసీ?” అన్నాడు ఆటో అతను, ఇంత పొద్దున్నే ఎక్కడికి పిన్నీ అని. చేపలకన్నాను. “రోహూ తో ఆప్‌కే మొహల్లే మే భీ మిల్తా హై!” అన్నాడు. ఆ చెరువు చేప మీ వీధిలోనే దొరుకుతుంది కదా అని.

“రోహూ నువ్వు తిను నాయనా, మాకు సముద్రం సేప కావాల,” అన్నాను. తెలుగు వచ్చినట్టే నవ్వాడు.

గోల్ చక్కర్ కూడలి దగ్గర దిగి ఐదు నిమిషాలు నడిస్తే చేపల వరస వస్తుంది. ఒడిశా తీరం నుంచి వచ్చిన థర్మోకోల్ పెట్టెలు ఆరున్నర ప్రాంతంలో విప్పుతారు. తొమ్మిది దాటితే మంచి సరుకు మిగలదు. మన చందువ ఇక్కడ పాంఫ్రెట్, కానాగంత బాంగ్డా. వెండి బెల్టులా మెరిసే మన సావిడాయిని ఫీతా అంటారు. చేపకు అన్నీ మనం చూసిన పోలికలే, పేరొక్కటే వేరు.

ముందు కిందటి వారం నాకు అమ్మినతని దగ్గరికే వెళ్ళాం. తోలు తీసిన తెల్ల ముక్కలు మళ్ళీ కుప్పగా పోసి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోగా వదిన కాగితం విప్పి ఆ కుప్ప చూపించి, “యే సుర్మయీ హై?” అంది. “హాఁ జీ, సుర్మయీ.” కాగితంలో కిందికి దిగింది. “భేట్కీ?” “హాఁ హాఁ, భేట్కీ.” “షార్క్?” “ఎక్‌దమ్ షార్క్, మేడమ్!”

ఒకే కుప్ప మూడు చేపలైపోయింది. వదిన కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. పడీ పడీ నవ్వాల్సింది, కానీ నాకు నవ్వు రాలేదు. వారమంతా అతనే సొర అని చెప్పి మోసం చేశాడని అందరికీ చెబుతూ వచ్చాను. నిజానికి ఆ రోజు ముందు పేరు పలికింది నేనే. “సొర ఉందా, షార్క్?” అని అడిగాను, అతను తలూపాడు. మనవరాలు అడిగిందన్న తొందరలో తోలు లేదు, తల లేదు అన్న సంగతి నా కంటికి ఆనలేదు.

“వదినా, ఆ రోజు తప్పు నాదే,” అన్నాను. “పేరు నేనే ఆడి నోట్లో పెట్టినాను.”

ఆవిడ కాగితం మడిచి సంచిలో వేసుకుంది.

వరస చివర ఒక ఒడియా ఆవిడ నేల మీద గోనె పరిచి కూర్చుని ఉంది. ఆమె ముందున్న చేపలన్నీ తలలతోనే ఉన్నాయి. చందువల పక్కన మూరెడు పొడవు, బూడిద రంగు చేప ఒకటి. ఈసారి పేరెత్తలేదు. వేలు చూపించి, “యే క్యా హై?” అన్నాను.

“మగర, మావుసీ. ఛోటా మగర.”

“హిందీలో మగర్ అంటే మొసలి కదండీ!” అని వదిన రెండడుగులు వెనక్కి వేసింది.

“మొసలికి ఇంత సన్నటి ముక్కేటి? ఇలారా, సెయ్యెట్టు.” ఆవిడ వేలు పట్టుకుని తల నుంచి తోక వైపు రాశాను. నున్నగా జారింది. తోక నుంచి తల వైపు రాస్తే ఉప్పుకాగితంలా గరగరలాడింది. “ఇదీ సొరంటే. ఈళ్ళ బాసలో దీన్నే మగర అంటారు కాబోలు.”

ఒడియా ఆవిడ మా ఇద్దరినీ చూస్తూ, “ఘర్ మే బచ్చా హువా హై క్యా?” అంది. ఇంట్లో బిడ్డ పుట్టిందా అని! పసిపిల్ల మాట మేం ఎత్తనే లేదు. మా వైపూ బాలింతలకు ఇదే పెడతారు మావుసీ అంటూ, ఆ చేపను పక్కన పెట్టి, మంచు కింద నుంచి ఇంకా లేతది తీసిచ్చింది. కిలో మూడు వందల అరవై. కోసిచ్చినందుకు వేరే డబ్బులు వద్దంది.

తొమ్మిదికల్లా ఇల్లు చేరాం. సొర పోగులు పోగులుగా విడింది. వేడి మీదే నీళ్ళు పిండింది వదినే. లక్ష్మి రెండోసారి పెట్టించుకుని, “అమ్మమ్మా, యహీ వాలా!” అంది, తను అడిగింది ఇదేనని. వంటింట్లోంచి నన్నెవరూ వెళ్ళమనలేదు.

ఈ ఊరికి వచ్చి యాభై ఏళ్ళయింది. మా రేవు చేపల పేర్లు నాతోనే పోతాయని బెంగపడేదాన్ని. ఒడ్డు మారితే పేరు మారుతుంది కానీ, ఆ చేప ఎవరికి వండిపెట్టాలో రెండు ఒడ్లకూ తెలుసని ఆ ఉదయం చూశాను. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది వదినే. తప్పు నాదన్న మాట దగ్గర కలం ఆపి, “ఇది తీసేద్దామా వదిన గారూ?” అంది. ఉంచమన్నాను.

మీరు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. తలా తోలూ ఉన్న చేపనే చూసి, వేలు పెట్టి చూపించి “ఇదేంటి?” అని అడగండి. పేరు అమ్మేవాళ్ళ నోటి నుంచే ముందు రానివ్వండి.